ఎక్సర్‌సైజ్ సైన్స్ తర్వాత వైద్యరంగంలో ఏ దారి? ఎంచుకోవడానికి సమగ్ర మార్గదర్శి

ఎక్సర్‌సైజ్ సైన్స్ చదువుతున్నానని చెప్పగానే ఎదుటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న "అయితే జిమ్ ట్రైనర్ అవుతావా?" అని. ఆ ప్రశ్న విని విని, చివరి సంవత్సరానికి వచ్చేసరికి చాలామందికి తమ చదువు మీదే అనుమానం మొదలవుతుంది. ఆ అనుమానం అక్కర్లేదు. గుండె ఎలా పనిచేస్తుందో, కండరం ఎందుకు అలసిపోతుందో, అడుగు వేసినప్పుడు మోకాలి మీద ఎంత భారం పడుతుందో ఇంత వివరంగా నేర్పే బ్యాచిలర్ డిగ్రీలు తక్కువ. చిక్కు వేరే చోట ఉంది. వైద్యరంగంలో దాదాపు ప్రతి పనికీ విడిగా ఒక చదువు, ఒక పరీక్ష, ఒక లైసెన్సు ఉంటాయి. మీ డిగ్రీ వాటిలో చాలావాటికి మంచి పునాది అవుతుంది గానీ, చాలా దేశాల్లో ఏ ఒక్కదానికీ అదే చివరి మెట్టు కాదు.

అందుకే నా సలహా ఇది. ఉద్యోగం పేరునీ, జీతం అంకెనీ కాసేపు పక్కన పెట్టండి. రోజంతా ఎలాంటి రోగితో, జబ్బు ఏ దశలో ఉండగా, చేతులతో ఏం పని చేయాల్సి వస్తుందో చూసి ఎంచుకోండి. ఆ పని తేలాక, దానికి కావలసిన లైసెన్సు దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్క వేసుకుంటూ ఈ రోజుదాకా రండి.

1. మీ డిగ్రీ ఏమిచ్చింది, ఏమివ్వలేదు

ఒక కాగితం మీద రెండు వరసలు రాయండి. మొదటి వరసలో మీకు ఇప్పటికే వచ్చినవి: అనాటమీ, ఫిజియాలజీ, బయోమెకానిక్స్, వ్యాయామ పరీక్షలు చేయడం, ఫలితాన్ని బట్టి వ్యాయామం ఎంత, ఎలా అని నిర్ణయించడం, కొంత స్టాటిస్టిక్స్, కొంత పోషకాహారం, మనుషుల అలవాట్లు మార్చే మనస్తత్వశాస్త్రం. రెండో వరసలో లేనివి: జబ్బుల శాస్త్రం లోతుగా, మందుల శాస్త్రం, చాలామందికి ఆర్గానిక్ కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ. అన్నిటికంటే పెద్ద లోటు, రోగిని ముట్టుకుని చికిత్స చేసే చట్టబద్ధమైన హక్కు.

ఈ హక్కు సంగతి దేశాన్ని బట్టి చాలా మారుతుంది. అమెరికాలో ఫిజికల్ థెరపిస్టు (మన దగ్గర ఫిజియోథెరపిస్టు అంటాం) కావాలంటే ఏదైనా బ్యాచిలర్ డిగ్రీ తర్వాత దాదాపు మూడేళ్ల డీపీటీ, అంటే డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ చదవాలి. కాబట్టి అక్కడ ఎక్సర్‌సైజ్ సైన్స్ ఆ దారికి సహజమైన మొదటి మెట్టు. భారత్‌లో ఫిజియోథెరపీకి బీపీటీ అనే వేరే బ్యాచిలర్ డిగ్రీ ఉంది. స్పోర్ట్స్ సైన్స్ డిగ్రీ చేతిలో ఉన్నా, ఫిజియోథెరపిస్టు కావాలంటే అదే చదవాలి. బ్రిటన్‌లో సంబంధిత డిగ్రీ ఉన్నవాళ్లకు సుమారు రెండేళ్ల మాస్టర్స్ దారి ఉంది, అది ముగిశాక హెచ్‌సీపీసీ అనే నియంత్రణ సంస్థలో పేరు నమోదు చేసుకోవాలి. ఆస్ట్రేలియాలో వ్యాయామంతోనే చికిత్స చేసే "అక్రెడిటెడ్ ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్ట్" అనే గుర్తింపు ఉంది. ఎస్సా అనే అక్కడి వృత్తి సంస్థ దాన్ని ఇస్తుంది. వీరి సేవలకు అక్కడి మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం కొన్ని షరతులతో డబ్బు తిరిగి ఇస్తుంది.

అందుకని మొదటి ప్రశ్న "ఏమవ్వాలి?" అనే కాదు, "ఏ దేశంలో పనిచేయాలి?" అని కూడా. దీన్ని తేల్చకుండా మిగతా లెక్కలు వేస్తే రెండేళ్ల తర్వాత మళ్లీ మొదటికొస్తారు.

2. ఒక రోగి వెంట నడిచి చూడండి

వృత్తుల జాబితా చదివితే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అన్నిటి కింద "రోగులకు సహాయం చేస్తారు" అనే రాసి ఉంటుంది. దానికి బదులు ఒక రోగిని ఊహించుకుని, అతని చుట్టూ ఎవరెవరు ఎప్పుడు వస్తారో చూడండి.

అరవై ఏళ్ల మనిషికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు లేవడం లేదు. అంబులెన్స్‌లో పారామెడిక్ వచ్చి మూతి వంకరపోయిందా, చెయ్యి కిందికి జారుతోందా, మాట తడబడుతోందా అని చూసి, దారిలోనే ఆసుపత్రికి ఫోన్ చేస్తారు. ఎమర్జెన్సీ డాక్టర్ సీటీ స్కాన్ తీయించి, గడ్డ కరిగించే మందు ఇవ్వొచ్చో లేదో తేలుస్తారు. ఆ మందుకు మామూలుగా నాలుగున్నర గంటల గడువు ఉంటుంది కాబట్టి ప్రతి నిమిషం లెక్కే. వార్డుకు వచ్చాక నర్సు రాత్రంతా బీపీ చూస్తూ, పుండ్లు పడకుండా రోగిని అటూ ఇటూ తిప్పుతూ ఉంటారు. మింగడం సరిగ్గా ఉందని తేలేదాకా నోట్లో నీళ్లు కూడా పోయరు. అక్కడ స్పీచ్ థెరపిస్టు పని ఉంటుంది.

ఆ తర్వాత ఫిజియోథెరపిస్టు వస్తారు. మంచం అంచున కూర్చోబెట్టడంతో మొదలుపెట్టి నిలబడటం, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చడం, నడక దాకా తీసుకెళ్తారు. బలం లేని ఆ చెయ్యి పట్టుకుని రోగిని లేపకూడదని కుటుంబానికి చెప్పేది కూడా వాళ్లే. అలా లాగితే భుజం కీలు జారిపోయే ప్రమాదం ఉంది. ఆక్యుపేషనల్ థెరపిస్టు చొక్కా తొడుక్కోవడం నేర్పుతారు. బలహీనమైన చెయ్యి ముందు తొడగాలి, విప్పేటప్పుడు ఆ చెయ్యి చివర తీయాలి. చిన్న విషయమే, కానీ ఎవరి సాయం లేకుండా చొక్కా వేసుకోగలిగిన రోజున ఆ మనిషి మొహం చూస్తే ఆ పని విలువ తెలుస్తుంది. పాదం కిందికి వాలిపోతుంటే ఆర్థోటిస్టు కొలతలు తీసి, దాన్ని నిలబెట్టే బ్రేస్ (పట్టీ) తయారు చేస్తారు. నెలలు గడిచాక, మళ్లీ పక్షవాతం రాకుండా బీపీ, షుగర్, ఓపిక మెరుగుపరిచే వ్యాయామ కార్యక్రమాన్ని ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్టు నడిపిస్తారు. ఈ జబ్బు జనాభాలో ఎవరికి, ఎందుకు ఎక్కువ వస్తోందో ఇంకెక్కడో కూర్చుని ప్రజారోగ్య నిపుణులు లెక్కలు తీస్తుంటారు.

ఇప్పుడు చెప్పండి, ఈ వరసలో మీరు ఎక్కడ నిలబడాలనుకుంటున్నారు? ప్రాణం మీదికొచ్చిన ఆ మొదటి గంటలోనా? మొదటి అడుగు వేయించే వారంలోనా? లేక ఏళ్ల తరబడి తోడుండే దశలోనా? కొందరికి వేగం కావాలి, కొందరికి ఒకే మనిషిని నెలల తరబడి చూడటంలో తృప్తి. ఈ తేడా జీతం తేడా కంటే ఎక్కువ కాలం మిమ్మల్ని వెంటాడుతుంది.

3. దారులు ఒక్కొక్కటిగా

*క్లినికల్ ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ.* మీ చదువుకు అతి దగ్గర ఉన్నది ఇదే. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, షుగర్, క్యాన్సర్ చికిత్స తర్వాత వచ్చే నీరసం లాంటి వాటికి వ్యాయామాన్ని మందులా కొలిచి ఇవ్వడం ఈ పని. ఎక్కువమంది పనిచేసేది కార్డియాక్ రిహాబ్ కేంద్రాల్లో, అంటే గుండె జబ్బు వచ్చినవాళ్లు మళ్లీ కోలుకునే కేంద్రాల్లో.

అక్కడ ఒక సెషన్ ఎలా ఉంటుందో చూద్దాం. బైపాస్ అయిన రోగి వస్తారు. ముందు బరువు చూస్తారు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు కొద్ది రోజుల్లోనే రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, ఒంట్లో నీరు చేరుతోందన్న అనుమానం. ఆ రోజు ట్రెడ్‌మిల్ ఎక్కించే ముందు డాక్టర్‌కు ఫోన్ వెళ్లాలి. షుగర్ ఉన్నవాళ్లకు రక్తంలో చక్కెర చూస్తారు, బీపీ చూస్తారు, ఛాతీ మీద ఎలక్ట్రోడ్లు అంటించి ఈసీజీ తెర మీదికి తెస్తారు. 220 నుంచి వయసు తీసేసి గుండె వేగం లక్ష్యం పెట్టుకోవడం క్లాసులో నేర్చుకునే ఉంటారు. బీటా బ్లాకర్ మందు వాడుతున్న రోగికి ఆ లెక్క పనికిరాదు, ఎందుకంటే ఆ మందు గుండె వేగాన్నే తగ్గిస్తుంది. అక్కడ గున్నార్ బోర్గ్ అనే శాస్త్రవేత్త రూపొందించిన, రోగి తన కష్టాన్ని 6 నుంచి 20 దాకా అంకెల్లో చెప్పే స్కేలు చూపించి, "ఇప్పుడు ఎంత కష్టంగా ఉంది?" అని అడుగుతారు. రోగి 11 నుంచి 13 దగ్గర ఉండేలా వేగం సర్దుతారు. ముగిశాక వెంటనే ఆపేయనివ్వరు, నెమ్మదిగా నడిపించి ఆపుతారు. హఠాత్తుగా ఆగితే రక్తం కాళ్లలో నిలిచి బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఇదంతా మీరు పుస్తకంలో చదివిన ఫిజియాలజీయే. దాన్నే భయపడుతున్న ఒక మనిషి పక్కన నిలబడి వాడాలి. ఆ భయం పోగొట్టడమే ఈ పనిలో సగం.

అమెరికాలో ఏసీఎస్ఎం (అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్) ఇచ్చే క్లినికల్ ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్ట్ సర్టిఫికేషన్‌కు బ్యాచిలర్స్ ఉన్నవాళ్లు 1,200 గంటలు, మాస్టర్స్ ఉన్నవాళ్లు 600 గంటలు క్లినికల్ అనుభవం చూపించాలి. కష్టం ఏమిటంటే, అక్కడ లూసియానా లాంటి చోట తప్ప ఈ వృత్తికి రాష్ట్ర లైసెన్సు లేదు. లైసెన్సు లేని చోట సొంతంగా బిల్లు చేసే హక్కు కూడా అరుదు, అందుకే ఫిజికల్ థెరపిస్టుతో పోలిస్తే జీతాలు తక్కువ. పని మీద మనసుండి కూడా ఈ ఒక్క కారణంతో మానుకునేవాళ్లు ఉన్నారు, వాళ్లను తప్పుపట్టలేం. వ్యాయామానికి చికిత్సగా ఉన్న బలాన్ని ఆరోగ్య వ్యవస్థలు ఇంకా పూర్తిగా గుర్తించలేదన్నది నా గట్టి అభిప్రాయం.

*ఫిజియోథెరపీ.* ఎక్సర్‌సైజ్ సైన్స్ వాళ్లలో ఎక్కువమంది కన్ను దీని మీదే. ఆటగాళ్ల గాయాలు చూడాలన్న కోరికతో వస్తారు. అసలు పనిలో ఎక్కువ భాగం నడుం నొప్పులు, మోకాలు మార్చిన పెద్దవాళ్లు, పక్షవాతం, ఐసీయూలో వారాలు పడుకుని బలం పోయినవాళ్లు. మోకాలు మార్పిడి అయిన రోగిని అదే రోజో మర్నాడో లేపి నడిపిస్తారు. గోనియోమీటర్ పెట్టి మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతోందో కొలుస్తారు, నొప్పితో ఏడుస్తున్న మనిషిని "ఇంకో ఐదు డిగ్రీలు" అని ఒప్పిస్తారు. తర్వాత కూర్చుని అంతా రికార్డులో రాయాలి. రాత పని చాలానే ఉంటుంది. అమెరికాలో క్యాప్టీ అనే సంస్థ గుర్తింపు ఉన్న కోర్సు చదివి ఎన్‌పీటీఈ అనే జాతీయ పరీక్ష పాసవ్వాలి.

*ఆక్యుపేషనల్ థెరపీ.* దీన్ని చాలామంది పేరు విని దాటేస్తారు. ఉద్యోగాలకు సంబంధించిన పని అనుకుంటారు. స్నానం, వంట, రాత, బట్టలు, మళ్లీ డ్రైవింగ్ ఇలా రోజువారీ బతుకును రోగి చేతికి తిరిగి అందించడం దీని పని. చేతి గాయాల చికిత్స, ఆటిజం ఉన్న పిల్లలు, మతిమరుపు వచ్చిన పెద్దవాళ్లు, అందరూ ఇందులోకి వస్తారు. శరీరంతో పాటు మనస్తత్వం మీద కూడా ఆసక్తి ఉన్నవాళ్లు తప్పక ఒక రోజు వెళ్లి చూడాల్సిన చోటు ఇది.

*అథ్లెటిక్ ట్రైనింగ్.* ఆటలంటే ప్రాణం అయితే ముందు దీన్ని చూడండి. మైదానం పక్కన నిలబడి, తలకు దెబ్బ తగిలిన ఆటగాడు మళ్లీ ఆడొచ్చో లేదో తేల్చే బాధ్యత వీళ్లది. కోచ్ ఒత్తిడి చేస్తుంటే కాదని చెప్పగలిగే ధైర్యం ఉండాలి. అమెరికాలో ఇప్పుడు దీనికి మాస్టర్స్ తప్పనిసరి. సాయంత్రాలు, వారాంతాలు, ప్రయాణాలు పనిలో భాగం. ఫిట్‌నెస్ ట్రైనర్, అథ్లెటిక్ ట్రైనర్ ఒకటే అనుకుని దరఖాస్తు పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రెండూ పూర్తిగా వేరు.

*ఫిజీషియన్ అసిస్టెంట్, వైద్యం.* రోగ నిర్ధారణ చేయాలి, మందులు రాయాలి, ఆపరేషన్ థియేటర్‌లో ఉండాలి అనిపిస్తే ఈ రెండూ ఆలోచించాలి. ఫిజీషియన్ అసిస్టెంట్ వృత్తి 1965లో డ్యూక్ యూనివర్సిటీలో మొదలైంది. అమెరికాలో ఈ ప్రోగ్రాములు ఎక్కువగా 27 నెలల దగ్గర ఉంటాయి, అందులో దాదాపు సగం ఆసుపత్రుల్లో. ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి మారే వెసులుబాటు డాక్టర్ల కంటే వీళ్లకు ఎక్కువ. అక్కడ డాక్టర్ కావాలంటే ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష, నాలుగేళ్ల వైద్య విద్య, తర్వాత కనీసం మూడేళ్ల రెసిడెన్సీ (ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే శిక్షణ) ఉంటాయి. ఫిజికల్ మెడిసిన్ అండ్ రిహాబిలిటేషన్, స్పోర్ట్స్ మెడిసిన్, కార్డియాలజీ వైపు వెళ్లినవాళ్లకు ఎక్సర్‌సైజ్ సైన్స్ చదువు జీవితాంతం ఉపయోగపడుతుంది.

*నర్సింగ్.* మీ డిగ్రీ ఉన్నవాళ్లు దీన్ని తక్కువగా చూడటం నాకు బాధగా ఉంటుంది. అమెరికాలో మరో డిగ్రీ ఉన్నవాళ్లకు 12 నుంచి 18 నెలల్లో పూర్తయ్యే నర్సింగ్ కోర్సులు ఉన్నాయి. లైసెన్సు త్వరగా వస్తుంది, కార్డియాక్ రిహాబ్ కేంద్రాల్లో నర్సులకు చోటుంది, తర్వాత రోగ నిర్ధారణ చేసి మందులు రాయగలిగే నర్స్ ప్రాక్టీషనర్‌గా ఎదగొచ్చు. రాత్రి షిఫ్టులకు శరీరం సిద్ధంగా ఉండాలి.

మిగతావి క్లుప్తంగా. చేతిపని, బయోమెకానిక్స్ రెండూ ఇష్టమైతే కృత్రిమ అవయవాల తయారీ. తెగిన కాలికి సాకెట్ సరిగ్గా కుదిరేదాకా చెక్కి, తొడిగి, నడిపించి, మళ్లీ చెక్కే పని అది. గుండె ఆపరేషన్‌లో గుండె, ఊపిరితిత్తుల పని తాత్కాలికంగా చేసే హార్ట్ లంగ్ మెషీన్ నడిపే పర్ఫ్యూజనిస్టులు తక్కువమంది, బాధ్యత చాలా ఎక్కువ. శ్వాస మీద ఆసక్తి ఉంటే రెస్పిరేటరీ థెరపీ. ఆహారం వైపు వెళ్లాలంటే గుర్తుంచుకోవాల్సింది, అమెరికాలో 2024 నుంచి రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష రాయడానికి మాస్టర్స్ ఉండాలి.

ఒక్కొక్క రోగిని కాకుండా లక్షలమందిని చూడాలనుకునేవాళ్లకు ప్రజారోగ్యం ఉంది. 1953లో జెరెమీ మారిస్ బృందం లండన్ బస్సుల్లో కూర్చుని నడిపే డ్రైవర్లనూ, రోజంతా డబుల్ డెక్కర్ మెట్లెక్కి దిగే కండక్టర్లనూ పోల్చి, కండక్టర్లలో గుండె జబ్బు తక్కువని చూపించింది. వ్యాయామానికీ గుండెకీ సంబంధం ఉందని గట్టిగా నిలబెట్టిన తొలి పరిశోధనల్లో అదొకటి. ఒక్క రోగికి కూడా చికిత్స చేయకుండా చేసిన ఆ పని ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది.

4. వెళ్లి చూడండి, చూసింది రాసుకోండి

పై దారుల్లో రెండు మూడు మనసుకు పట్టాయి అనుకుందాం. ఇక ఇంటర్నెట్ మూసేసి, ఆ పని చేసేవాళ్ల పక్కన నిలబడాల్సిందే. షాడోయింగ్ అంటే ఇదే. ఒకే క్లినిక్‌లో వంద గంటలు గడపడం కంటే మూడు వేర్వేరు చోట్ల ముప్ఫై గంటల చొప్పున గడపడం మేలు. ఫిజియోథెరపీ అయితే బయటి క్లినిక్ ఒకటి, ఆసుపత్రి వార్డు ఒకటి, పిల్లలదో నరాల జబ్బులదో ఒకటి చూడండి.

అక్కడ కళ్లు దేని మీద పెట్టాలి? రోగి వెళ్లిపోయాక ఏం జరుగుతోందో చూడండి. రికార్డులు ఎంతసేపు రాస్తున్నారు, ఇన్సూరెన్సు వాళ్లతో ఎంతసేపు మాట్లాడుతున్నారు, భోజనానికి సమయం దొరుకుతోందా, గంటలో ఎంతమంది రోగుల్ని చూస్తున్నారు. సాయంత్రం నాలుగింటికి వాళ్ల మొహాలు ఎలా ఉన్నాయో గమనించండి. "ఈ పని ఎందుకు ఇష్టం?" అని అడిగితే అందరూ మంచి మాటే చెబుతారు. "పోయిన నెలలో ఏ రోజు మానేద్దామనిపించింది?" అని అడగండి. అప్పుడు అసలు సంగతులు బయటికొస్తాయి.

చూడటానికీ చేయడానికీ తేడా ఉంది. ఫిజీషియన్ అసిస్టెంట్ ప్రోగ్రాములు చాలావరకు రోగులతో నేరుగా పనిచేసిన గంటలు అడుగుతాయి. పక్కన నిలబడి చూసిన గంటలు దానికి సరిపోవు. ఈఎంటీ (అంబులెన్స్‌లో అత్యవసర వైద్య సహాయకులు), నర్సింగ్ అసిస్టెంట్, రిహాబ్ ఎయిడ్, కార్డియాక్ రిహాబ్ టెక్నీషియన్ లాంటి ఉద్యోగాలు అందుకు పనికొస్తాయి. చేసిన ప్రతి గంటకూ తేదీ, చోటు, పర్యవేక్షించిన నిపుణుల పేరు, లైసెన్సు నంబరు, చేసిన పని అదే రోజు రాసిపెట్టుకోండి. ఏడాది తర్వాత ఫారం నింపేటప్పుడు ఇవన్నీ గుర్తు తెచ్చుకోవడం ఎవరి వల్లా కాదు. రోగుల పేర్లు మాత్రం ఎక్కడా రాయకండి.

ఇక్కడే మీ గురించి కూడా కొన్ని తెలుస్తాయి. రక్తం చూస్తే ఏమవుతోంది? చనిపోబోతున్న మనిషి పక్కన మీరు నిలబడగలుగుతున్నారా? రోజంతా నిలబడి బరువైన మనుషుల్ని లేపితే నడుం ఏమంటోంది? ఎవరూ తమ బలహీనతకు సిగ్గుపడక్కర్లేదు. రక్తం పడనివాళ్లకు కార్డియాక్ రిహాబ్, ప్రజారోగ్యం లాంటి చోట్లు హాయిగా సరిపోతాయి.

5. లైసెన్సు దగ్గర నుంచి వెనక్కి లెక్క

మీకు నచ్చిన ఐదారు కోర్సుల వెబ్‌సైట్లు తెరిచి, వాళ్లు అడిగే సబ్జెక్టులన్నీ ఒకే పట్టికలో పెట్టండి. అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నవి ముందు పూర్తి చేయాలి. ఇక్కడ తరచూ ఇరుక్కునే చోట్లు కొన్ని ఉన్నాయి.

కెమిస్ట్రీ ఒక గొలుసు. జనరల్ కెమిస్ట్రీ రెండు సెమిస్టర్లు అయ్యాకే ఆర్గానిక్, అది అయ్యాకే బయోకెమిస్ట్రీ. మూడో ఏడాది చివర్లో "డాక్టర్ అవుదాం" అని నిర్ణయించుకుంటే ఈ గొలుసు ఒక్కటే ఏడాదిన్నర పైన తినేస్తుంది. వీలైతే రెండో ఏడాదిలోనే జనరల్ కెమిస్ట్రీ ల్యాబ్‌తో సహా తీసుకోండి. తర్వాత మనసు మారినా నష్టం లేదు.

అనాటమీ, ఫిజియాలజీ మీ డిపార్ట్‌మెంట్‌లోనే చదివి ఉంటారు. కొన్ని కోర్సులు ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీని హ్యూమన్ ఫిజియాలజీకి బదులుగా ఒప్పుకోవు. బయోమెకానిక్స్‌ను ఫిజిక్స్‌కు బదులుగా ఒప్పుకునేవీ దాదాపు ఉండవు. ఈ సంగతి ఈమెయిల్‌లో అడిగి, వచ్చిన జవాబు దాచుకోండి. చాలా చోట్ల సబ్జెక్టులకు కాలపరిమితి కూడా ఉంటుంది. ఐదేళ్లు, పదేళ్లు దాటితే మళ్లీ చదవమంటారు.

మార్కులు తక్కువగా ఉన్న సబ్జెక్టు మళ్లీ చదవాలా అనే టెన్షన్ అందరిదీ. ఆ సబ్జెక్టు మీ వృత్తికి గుండెకాయ లాంటిదైతే, అంటే అనాటమీ, ఫిజియాలజీ అయితే, మళ్లీ చదవండి. లేకపోతే ఆ సమయాన్ని పై స్థాయి సైన్సు సబ్జెక్టులో మంచి గ్రేడు తెచ్చుకోవడానికి పెట్టండి.

6. డబ్బు లెక్క

ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. చదివినన్నాళ్లూ రాని జీతం, క్లినికల్ శిక్షణ కోసం ఊళ్లు మారే ఖర్చు, అప్పు మీద వడ్డీ అన్నీ కలపండి. ఎదురుగా పెట్టాల్సింది ఆ వృత్తి సగటు జీతం కాదు. సగటులో ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా ఉంటారు. కొత్తగా చేరినవాళ్ల జీతం కనుక్కోండి, షాడోయింగ్‌లో పరిచయమైన కొత్త ఉద్యోగులను మర్యాదగా అడగండి, చెబుతారు. మొత్తం అప్పు మొదటి ఏడాది జీతం కంటే బాగా ఎక్కువైతే, అదే లైసెన్సు ఇచ్చే తక్కువ ఫీజు కోర్సు వెతకండి. లైసెన్సు పరీక్షలో పాసైనవాళ్లకు ఏ కాలేజీ అన్నది ఉద్యోగంలో పెద్దగా తేడా చూపదు.

అన్నిటికంటే ముందు కోర్సుకు గుర్తింపు ఉందో లేదో చూడాలి. గుర్తింపు లేని కోర్సు చదివితే లైసెన్సు పరీక్షకే కూర్చోనివ్వరు. గుర్తింపు ఉన్న కోర్సులు ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తి చేశారు, ఎంతమంది పరీక్ష పాసయ్యారు అనే లెక్కలు మామూలుగా బయట పెడతాయి. పాసైనవాళ్ల శాతం ఒక్కటే చూడకండి, మధ్యలో మానేసినవాళ్ల సంఖ్య కూడా చూడండి.

7. దరఖాస్తు

మీ గురించి రాసే వ్యాసంలో ఎక్సర్‌సైజ్ సైన్స్ విద్యార్థుల్లో చాలామంది ఒకే కథ రాస్తారు: స్కూల్లో ఆడుతుంటే మోకాలికి దెబ్బ తగిలింది, ఫిజియో బాగు చేశారు, అందుకే ఈ వృత్తి. ఎంపిక చేసేవాళ్లు అలాంటివి కుప్పలుగా చదివి ఉంటారు. మీ కథ అదే అయినా, వ్యాసాన్ని మీరు పక్కన నిలబడి చూసిన ఒక రోగితో మొదలుపెట్టండి. ఆ రోగి దగ్గర నిపుణులు ఏ నిర్ణయం తీసుకున్నారో, ఎందుకు తీసుకున్నారో మీకు అర్థమైంది రాయండి. మీ ఆలోచన ఎలా నడుస్తుందో వాళ్లకు అక్కడే కనిపిస్తుంది.

సిఫార్సు లేఖలు పెద్ద పేరున్న ప్రొఫెసర్ కంటే మిమ్మల్ని దగ్గరగా చూసినవాళ్లు రాస్తేనే బాగుంటాయి. కనీసం నెలన్నర ముందు అడగండి, మీ అనుభవాల జాబితా చేతికివ్వండి. చాలా ప్రోగ్రాములు దరఖాస్తులు వచ్చినవి వచ్చినట్టే చూసి సీట్లు నింపుతాయి, కాబట్టి ఆఖరి తేదీ దాకా ఆగితే చాలా సీట్లు అప్పటికే అయిపోయి ఉండొచ్చు.

ఇంటర్వ్యూలో "ఈ వృత్తే ఎందుకు? పక్క వృత్తి ఎందుకు కాదు?" అని తప్పకుండా అడుగుతారు. ఫిజియోకి దరఖాస్తు పెట్టినవాళ్లు ఆక్యుపేషనల్ థెరపీ ఎందుకు వద్దనుకున్నారో, ఆ వృత్తిని తక్కువ చేయకుండా చెప్పగలగాలి. రెండో భాగంలో చెప్పిన పక్షవాతం రోగి చుట్టూ ఉన్నవాళ్ల పని మీకు బాగా తెలిసి ఉంటే ఈ జవాబు దానంతట అదే వస్తుంది.

8. సీటు రాకపోతే

చాలామందికి మొదటి ప్రయత్నంలో రాదు. ఫలితం వచ్చిన వారంలోనే ఆ కాలేజీలకు ఈమెయిల్ రాసి, దరఖాస్తులో ఏది బలహీనంగా ఉందో అడగండి. అన్నీ జవాబివ్వవు, ఇచ్చినవి మాత్రం బంగారం. మార్కుల లోటైతే ఒకటి రెండు పై స్థాయి సైన్సు సబ్జెక్టులు, అనుభవం లోటైతే రోగులతో జీతమొచ్చే ఉద్యోగం. రెండూ ఒకేసారి మీదేసుకుంటే రెండూ సగం సగమే అవుతాయి.

ఈలోగా ఖాళీగా ఉండక్కర్లేదు. మీ డిగ్రీతోనే కార్డియాక్ రిహాబ్ కేంద్రంలోనో, ఊపిరితిత్తుల రిహాబ్‌లోనో సహాయకులుగా చేరే అవకాశం వెతకండి. ఆరు నిమిషాల నడక పరీక్ష మీరే చేయిస్తారు. 30 మీటర్ల వరండాలో రోగి అటూ ఇటూ నడుస్తుంటే, నిమిషానికోసారి చెప్పాల్సిన ప్రోత్సాహపు మాటలు కూడా మార్గదర్శకంలో రాసే ఉంటాయి. ఎక్కువ హుషారు ఇచ్చినా ఫలితం మారిపోతుంది కాబట్టి మాట కూడా కొలిచే చెప్పాలి. ఇలాంటి క్రమశిక్షణ అలవాటైన దరఖాస్తుదారు మరుసటి ఏడాది ఇంటర్వ్యూలో వేరేగా కనిపిస్తారు.

రెండోసారి కూడా రాకపోతే, అదే దరఖాస్తును మూడోసారి పంపే ముందు పక్క దారిని నిజాయితీగా చూడండి. ఫిజియో అసిస్టెంట్, నర్సింగ్, రెస్పిరేటరీ థెరపీ, ప్రజారోగ్యంలో మాస్టర్స్, వీటిలో ఏది మీరు నిలబడాలనుకున్న చోటుకు దగ్గరగా తీసుకెళ్తుందో రాసుకోండి. ఒకవేళ చదువు ఒక దేశంలో, ఉద్యోగం ఇంకో దేశంలో అనుకుంటే, ఆ రెండో దేశపు లైసెన్సు సంస్థ మీ కోర్సు సిలబస్‌ను సబ్జెక్టు వారీగా పోల్చి చూస్తుంది. అందుకే ప్రతి సబ్జెక్టు సిలబస్ కాపీ, క్లినికల్ గంటల పత్రాలు కాలేజీ ముద్రతో చదువు పూర్తయిన నెలలోనే తీసుకుని స్కాన్ చేసి పెట్టుకోండి. ఏళ్లు గడిచాక డిపార్ట్‌మెంట్‌లో మనుషులు మారతారు, పాత సిలబస్ దొరకదు.